పరిగెత్తనీ ఆ పిల్లని

ఉత్తర వేల్స్‌లోని బెథెస్డా ఊళ్ళో హేల్వెన్ ప్రిచర్డ్ రాసిన మాటలు చేరని ఇల్లు లేదు. చదివిన ఇల్లు ఉందా అంటే అది వేరే సంగతి. ఏ వారం ఏ రంగు చెత్త డబ్బా బయట పెట్టాలో, వంతెన మరమ్మతుకి ఏ దారి మూస్తారో చెప్పే కౌన్సిల్ కాగితాలకి ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు వెల్ష్ ఉంటాయి. ఆ వెల్ష్ వైపు హేల్వెన్‌ది. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని. ఊళ్ళో నూటికి డెబ్భైమంది ఇంట్లో, వీధిలో, చేపల దుకాణంలో వెల్ష్‌లోనే మాట్లాడుకుంటారు, తిట్టుకుంటారు. కాగితం చేతికొస్తే మాత్రం తిప్పి ఇంగ్లీషు వైపు చూస్తారు.

ఒకసారి విసుగెత్తి, పాత సోఫాలు పట్టుకెళ్ళే ప్రకటనలో, "సోఫాలో నిద్రపోతున్న భర్తను ముందుగా లేపవలెను" అని ఒక వాక్యం దూర్చింది. నాలుగువేల ఇళ్ళకు వెళ్ళిందది. ఒక్కరు ఫోను చెయ్యలేదు, ఒక్కరు నవ్వలేదు. మరుసటి ఏడు తనే తీసేసింది. ఆ రోజు ఆమెకి వచ్చింది కోపమా ఏడుపా అంటే తనకే తెలియదు.

అందుకే దక్షిణాన కార్డిఫ్ నుంచి మైనిర్ అనే ప్రచురణకర్త ఫోను చేసి, పిల్లల నవల ఒకటి వెల్ష్‌లోకి తేవాలి, మీరు చేస్తారా అని అడిగినప్పుడు హేల్వెన్ ఏ నవల అని కూడా అడక్కుండా ఒప్పుకుంది. పుస్తకాల దుకాణంలో ఎటు చూసినా కూలిపోయిన లోకాలూ, వాటిని నిలబెట్టే పదహారేళ్ళ ఆడపిల్లలూ అమ్ముడుపోతున్న రోజులవి. బడిలో వెల్ష్ పిల్లలు కూడా అవే చదివేవారు, ఇంగ్లీషులో. వెల్ష్ పుస్తకం అంటే పరీక్ష కోసం ముట్టుకునేదని వాళ్ళ లెక్క. ఆ లెక్క మార్చాలని మైనిర్ పట్టుదల. హేల్వెన్‌కి అంతకన్నా ఎక్కువ.

నవల పేరు "ఊపిరి లెక్క". గాలి కరువైన ఒక నగరం. పదిహేనేళ్ళు రాగానే ప్రతి పిల్ల మణికట్టుకీ ఒక పట్టీ బిగిస్తారు. ఆ పట్టీ పీల్చిన ప్రతి ఊపిరినీ లెక్కపెడుతుంది. లెక్క మించినవాళ్ళని గాలి కార్యాలయం నేల అడుగు అంతస్తుల్లో పనికి దించుతుంది. కథానాయిక సోరెల్. మొదటి అధ్యాయంలో సోరెల్, వాళ్ళమ్మ గోడకి ఆనుకుని కదలకుండా కూర్చుంటారు. ఇద్దరూ ఊపిరి మిగిలిస్తే ఆ మిగిలినదానితో ఆ పూట చిన్న తమ్ముడు పిప్ కడుపుబ్బ నవ్వుకోవచ్చని.

ఆ అధ్యాయం హేల్వెన్ వంటగదిలో నిలబడే చదివింది. పొయ్యి మీద బంగాళదుంపల పులుసు అడుగంటిన సంగతి వాసన వచ్చాక గాని తెలియలేదు. ముందు గదిలో వాళ్ళ నాన్న యోర్వర్త్ ముక్కుకి గొట్టం తగిలించుకుని కూర్చుని ఉన్నాడు. మూలన ఆక్సిజన్ యంత్రం గుయ్యిమంటోంది. పదిహేనేళ్ళకే క్వారీలో చేరి నలభై ఏళ్ళు పలకరాయి చీల్చిన మనిషి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది. ఒకప్పుడు ఊరి మగవాళ్ళ గాయకబృందంలో మంద్ర స్వరం ఆయనదే. ఇప్పుడు ముందు గది నుంచి స్నానాల గదికి వెళ్ళాలంటే మధ్యలో కుర్చీ వేసుకోవాలి.

"నాన్నా, ఇది మన కోసమే రాసినట్టుంది," అంది హేల్వెన్, పుస్తకం పట్టుకుని వచ్చి.

"ఏదో మాడిపోయింది చూడు," అన్నాడు యోర్వర్త్.

ఆ సంబరం తొమ్మిదో అధ్యాయం దాకానే నిలిచింది. మూడో అధ్యాయంలోనే తల్లి చచ్చిపోయింది. పోనీ, పిల్ల ఒంటరిది కావాలి కాబట్టి చంపారనుకుంది హేల్వెన్. ఆరో అధ్యాయంలో బ్రాండ్ అనే కుర్రాడొచ్చాడు, నల్లజుట్టు, మాటల్లో వెటకారం. ఏడులో ఆషర్ వచ్చాడు, తెల్లజుట్టు, కళ్ళల్లో దిగులు. అక్కణ్ణించి ఊపిరి సంగతి వెనక్కిపోయి, సోరెల్ గుండె ఎవరి కోసం కొట్టుకుంటోందన్నదే పెద్ద సమస్య అయి కూర్చుంది. తొమ్మిదిలో పిప్‌ని ఒక పొరుగామె దగ్గర వదిలి సోరెల్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత పుస్తకం చివరిదాకా ఆ పసివాడి ఊసే లేదు. ఎవరి నవ్వు కోసం తల్లీకూతుళ్ళు ఊపిరి బిగబట్టారో ఆ తమ్ముణ్ణి రచయిత్రి మర్చేపోయింది.

హేల్వెన్ వెంటనే మైనిర్‌కి ఫోను చేసింది.

"తమ్ముడు ఏమయ్యాడండీ?"

"ఏ తమ్ముడు?" అంది మైనిర్.

హేల్వెన్‌కి ఒళ్ళు మండిపోయింది. మైనిర్ కనుక్కుని రెండురోజుల్లో మళ్ళీ చేసింది. "రెండో భాగంలో వస్తాడట. రచయిత్రి మనుషులు చెప్పారు. మీరు ఉన్నది ఉన్నట్టు చెయ్యండి. ఇంకోమాట, సోరెల్ పాలు తాగేచోట మీ ఉత్తరాది మాట వేశారు. మా వైపు పిల్లలకి అది కొత్తగా ఉంటుంది, కాస్త అందరికీ తెలిసేది..."

"మీ దక్షిణాది మాట మా పిల్లలకి కొత్తగా ఉండదా?"

చివరికి సోరెల్ చేత నీళ్ళు తాగించారు.

సాయంత్రాలు ఆఫీసు నుంచి రాగానే, అంతకుముందు రోజు చేసిన పేజీలు నాన్నకి పైకి చదివేది హేల్వెన్. వాక్యం చెవికి ఎలా ఉందో చూసుకోవడానికే మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి యోర్వర్త్ రేడియోలో ఫుట్‌బాల్ కూడా కట్టేసి ఎదురుచూస్తున్నాడు. ఆయన వినే పద్ధతి హేల్వెన్‌కి నచ్చేది కాదు. ఊపిరి పట్టీ గురించి ఆమె మనసు పెట్టి చేసిన వర్ణన అంతా విని, "సరే గాని, ఆ ఇద్దర్లో ఎవణ్ణి చేసుకుంటుంది?" అనేవాడు.

"ఆ గొడవ వదిలెయ్ నాన్నా. అది పుస్తకానికి పట్టిన చెద."

"నల్లజుట్టువాణ్ణి నమ్మకూడదు. మీ అమ్మ వెనకాల అలాంటివాడే తిరిగేవాడు."

ఒక్కచోట మాత్రం ఇద్దరూ కలిశారు. నగరంలో ఒక పేటలో తిరుగుబాటు లేచి, మూడు రోజుల్లో అక్కడి గాలి కార్యాలయం కూలిపోతుంది. "మూడు రోజులా!" అన్నాడు యోర్వర్త్. నవ్వబోతే దగ్గొచ్చింది. తేరుకున్నాక, "ఈ ఊళ్ళో క్వారీ సమ్మెలో మా తాత మూడేళ్ళు పని మానుకుని కూర్చున్నాడు. పిల్లలు పస్తులున్నారు. పని చెయ్యడానికి వెళ్ళినవాడితో అన్నదమ్ములు మాట్లాడలేదు, చచ్చేదాకా. చివరికి ఏమైంది? టోపీ చేత్తో పట్టుకుని మళ్ళీ ఆ క్వారీ గేటు దగ్గరికే వెళ్ళారు. మూడు రోజులట!"

ఆ మాట హేల్వెన్ లోపల పనిచేసింది. ఇంత మంచి ఊహ చేతికి దొరికి, దాన్ని ఇలా చేజార్చుకుంటారా ఎవరైనా? గాలి కరువు అంటే ఏమిటో ఈ రచయిత్రికి తెలియదు. ఊపిరి అందని మనిషి పక్కన ఒక్కరోజు కూర్చోలేదు. కూర్చుని ఉంటే పన్నెండో అధ్యాయం అలా రాయదు. అందులో సోరెల్ పట్టీ తెంపేసి, గాలి అసలే పల్చగా ఉన్న ఆ నగరంలో, మెట్ల మీద మెట్లు ఎక్కుతూ నాలుగు పేజీలు ఆగకుండా పరిగెడుతుంది. పైకి చేరగానే బ్రాండ్‌కి పెద్ద ఉపన్యాసం ఇస్తుంది. రొప్పు లేదు, దగ్గు లేదు.

అప్పుడు హేల్వెన్ చెయ్యకూడని పని చేసింది. అనువాదంలో సోరెల్‌ని ఆపింది. రెండో అంతస్తులో గోడ పట్టుకునేలా చేసింది. పెదాలు నీలంగా మార్చింది. మాట రావాలంటే ముందు మూడు చిన్న ఊపిరులు పీల్చి, నాలుగోదానితో ఒక్క ముక్క అనేలా రాసింది. ఉపన్యాసాన్ని రెండు మాటలకి కుదించింది. పిప్‌కి కూడా ఒక వాక్యం పెట్టింది. మెట్ల మీద కూర్చున్న సోరెల్‌కి తమ్ముడి నవ్వు గుర్తొస్తుంది. రాసి చూసుకుంటే, ఇన్నేళ్ళలో తను రాసినవాటిలో ఇదే మంచి పేజీ అనిపించింది. కౌన్సిల్ కాగితాల నుంచి చేతులు విడిపించుకున్నట్టయింది.

మర్నాడు సాయంత్రం ఆ పేజీ చదవడం మొదలుపెట్టింది, గొంతులో కాస్త గర్వంతో. యోర్వర్త్ కళ్ళు మూసుకుని విన్నాడు. సోరెల్ గోడ పట్టుకోగానే తెరిచాడు.

"ఆగు. నిన్నటిదాకా మేకపిల్లలా గెంతిన పిల్ల ఇవాళ మెట్ల మీద కూలబడిందేం?"

"ఊపిరి ఆడట్లేదు నాన్నా. ఆ గాలిలో అన్ని మెట్లు ఎక్కితే ఎవరికైనా అంతే."

"ఇంగ్లీషులో ఉందా ఆ ముక్క?"

హేల్వెన్ చేతిలో కాగితాలు సర్దుకుంది.

"ఉండదు. ఆ గోడ పట్టుకోవడం నాది. ఆ నీలం పెదాలు నావి. మూడు ఊపిరులకి ఒక మాట, అది కూడా నాదే. నా దగ్గర ఎత్తుకొచ్చి నాకే చదువుతున్నావా?"

"నిజం రాశాను నాన్నా. నీ గురించి ఎవరూ ఇంతవరకూ సరిగ్గా రాయలేదని..."

"నిజం నాకెందుకే? అది ఆ మూల కూర్చుని పొద్దస్తమానం గుయ్యిమంటూనే ఉంది." ఆయన ఆగి ఊపిరి కూడగట్టుకున్నాడు. "సాయంత్రం ఓ గంట ఆ పిల్లతో పాటు నేనూ పరిగెడుతున్నా. ఇవాళ నువ్వొచ్చి మధ్యలో కాలు అడ్డం పెట్టావు. పరిగెత్తనీ ఆ పిల్లని."

"అది అబద్ధం నాన్నా! ఆ రచయిత్రికి ఏమీ తెలియదు!"

"తెలియకపోతే పోనీ. నీకు తెలిసింది నువ్వు నీ పుస్తకంలో రాసుకో."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. హేల్వెన్ లేచి వెళ్ళి గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది. నాన్నకోసం రాస్తే నాన్నకే అక్కర్లేదు. ఇక ఎవరికోసం? ఆ రాత్రి ఆయన వెళ్ళి పడుకునే ముందు, "బ్రాండ్ ఆమెని పట్టిస్తాడా లేదా, అదొక్కటీ చెప్పు," అని అడిగాడు. ఆమె చెప్పలేదు.

మొండితనంతో ఆ అధ్యాయాన్ని అలాగే కార్డిఫ్ పంపింది. మైనిర్ పట్టుకుంది.

"హేల్వెన్ గారూ, ఇందులో ఒక పేజీ ఎక్కువుంది."

"వెల్ష్ వాక్యాలు కాస్త పొడుగు కదండీ."

"పొడుగు సంగతి కాదు. ఈ నీలం పెదాలు ఎక్కడివి? చూడండి, నేను చదివి ఏడ్చాను, అది నిజం. కానీ ఇది మీ పుస్తకం కాదు. ఒప్పందం ప్రకారం ఒక్క వాక్యం కలపడానికి లేదు."

"పుస్తకం తప్పుగా ఉంటే?"

"తప్పుగానే రావాలి."

వాదన తెగలేదు. చివరికి మైనిరే ఒక దారి చెప్పింది. ఊరి బడిలో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకి పుస్తకం ముందుగా చదివి వినిపించే ఏర్పాటు ఎలాగూ ఉంది, పూర్తయిన అధ్యాయాలు టీచరు వారం వారం వినిపిస్తోంది కూడా. రెండు రకాలూ పట్టుకెళ్ళి చదవండి, వాళ్ళేమంటారో వినండి, మీకే తెలుస్తుంది అంది. హేల్వెన్ సరేనంది. పిల్లలు తన పక్షమే ఉంటారని ఆమెకి గట్టి నమ్మకం.

ఆ మధ్యాహ్నం తరగతిలో వాన తడి కోట్ల వాసన. హేల్వెన్ ముందు అసలు పరుగు చదివింది, తర్వాత తన పేజీ చదివింది. ఏది ఎవరిదో చెప్పలేదు. కిటికీ పక్కన జుట్టుకి ఆకుపచ్చ రంగు వేసుకున్న మాబ్లి అనే పిల్ల చెయ్యెత్తింది. బల్ల మీద కాళ్ళు పెట్టుకుని విన్నది ఆ పిల్లే.

"మొదటిదే మిస్. రెండోది బాగా రాశారు, కానీ అది మంచి పుస్తకంలా ఉంది."

"మంచి పుస్తకం అయితే చెడా?"

"అంటే, మంచి పుస్తకం అంటే పరీక్షకి ఇస్తారు కదా. దాని మీద ప్రశ్నలుంటాయి. మొదటిది చదువుతుంటే నాకు ప్రశ్నలు రాలేదు. కాళ్ళు లాగాయి, అంతే."

"మరి ఊపిరి? ఆ గాలిలో అలా పరిగెత్తగలదా ఎవరైనా?"

"పరిగెత్తలేరు మిస్, తెలుసు," అంది మాబ్లి, చిన్నపిల్లకి చెప్పినట్టు. "వాళ్ళు ఏం తింటారో కూడా పుస్తకంలో లేదు. ఒక్క పొలం లేదు. ఆ ఇద్దరు అబ్బాయిలూ దండగ, ఇద్దర్నీ కలిపి ఒకణ్ణి చేసినా చాలు. తమ్ముణ్ణి మర్చిపోయింది, దరిద్రం. అవన్నీ మేం బస్సులో మాట్లాడుకున్నాం."

"ఇన్ని తప్పులు తెలిసీ ఎలా నచ్చింది?"

మాబ్లి భుజాలెగరేసింది. "పెద్దవాళ్ళు మమ్మల్ని ఎప్పుడూ లెక్కేస్తుంటారు కదా మిస్. మార్కులు, హాజరు, ఎత్తు, బరువు. అది తప్పని చెప్పిన పుస్తకం నాకు ఇదొక్కటే దొరికింది. మొదటి అధ్యాయం అయ్యాక మా చెల్లి పక్కన కూర్చుని నేను కూడా ఊపిరి బిగబట్టి చూశా. దానికి నవ్వు రాలేదు, ఏం పిచ్చి పని అంది."

తరగతి నవ్వింది. వెనక నుంచి ఇంకో పిల్ల, "గాలి కార్యాలయం పెద్దాయన మాత్రం భలే భయపెట్టాడు మిస్. 'ఊపిరి మించినవారు తమ పట్టీలను గురువారం లోపు అప్పగించవలెను' అంటాడే, అది అచ్చం మా ఇంటికొచ్చే చెత్త డబ్బాల కాగితం లాగే ఉంది," అంది.

హేల్వెన్ మాటలు ఒక ఇంట్లో ఎవరో చదివారు. ఇరవై ఏళ్ళకి దొరికిన మొదటి పాఠకురాలు ఆమెని దుర్మార్గుడి గొంతుగా గుర్తుపట్టింది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక, పుస్తకం సంచిలో పెట్టుకుని వానలోనే ఇంటికి నడిచింది. దారంతా ఆమెకి కోపమే. పిల్లలు ఒప్పుకున్న తప్పులు చాలావరకు తను పట్టినవే. అయినా వాళ్ళ తీర్పు మాత్రం తనకి వ్యతిరేకం. దాన్ని కొట్టిపారేద్దామంటే మాట దొరకడం లేదు. నడుస్తుండగా కొండదారిలో ఒక విషయం ఒప్పుకోక తప్పలేదు. పన్నెండో అధ్యాయం మొదటిసారి చదివినప్పుడు తను కూడా పేజీ తిప్పుతూనే పోయింది. పెన్సిలు ఎత్తింది రెండోసారి చదివినప్పుడే.

తన పేజీ తీసేసింది. పరుగుని పరుగులాగే, పొట్టి వాక్యాల్లో, కామాలు కూడా తగ్గించి మళ్ళీ రాసింది. నాన్నకి చదివితే ఆయన కుర్చీ చెయ్యి మీద వేళ్ళతో తాళం వేశాడు. బ్రాండ్ పట్టించినప్పుడు మాత్రం, "చెప్పానా!" అని అరవబోయి దగ్గాడు.

చలికాలం మొదలవుతుండగా పుస్తకం వచ్చింది. వెల్ష్ వారపత్రికలో ఒకాయన, అనువాదం సెలయేరులా ఉంది, నవల మటుకు పల్చన, ముగింపు ముగింపు కాదు, రెండో భాగానికి వేసిన గాలం అని రాశాడు. అందులో ఒక్క మాట కూడా తప్పని హేల్వెన్ అనలేకపోయింది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. ఊళ్ళో బడి పిల్లలు చదివారు. బస్సులో వెల్ష్ పుస్తకం చేత్తో పట్టుకున్న పిల్లని హేల్వెన్ రెండుసార్లు చూసి, తన స్టాపులో దిగడం మర్చిపోయింది. అయితే దేశం మొత్తం మీద అమ్ముడుపోయినవి మైనిర్ ఆశపడ్డదానిలో సగం కూడా లేవు. వసంతంలో ఫోనొచ్చింది. రెండో భాగం వెల్ష్‌లో ఉండదు.

"పిల్లలు ఎదురుచూస్తున్నారండీ. కథ మధ్యలో ఆగింది. చివరి పేజీలో సోరెల్ ఇంకా గోడ మీద నిలబడే ఉంది!"

"నాకు తెలియదా?" అంది మైనిర్. ఆమె గొంతు కూడా బాగాలేదు. "నేనేం చెయ్యను చెప్పండి."

యోర్వర్త్‌కి ఈ కబురు చెబితే, కౌన్సిల్‌నీ, కార్డిఫ్‌నీ, లండన్‌నీ వరసగా తిట్టాడు. రెండో భాగం ఇంగ్లీషులో తెచ్చి చదవనా అంటే, "వద్దు. సోరెల్ ఇంగ్లీషులో మాట్లాడితే నేను పోల్చుకోలేను," అని మొహం తిప్పుకున్నాడు.

ఆ శనివారం చేపల దుకాణం బయట వరసలో మాబ్లి కనిపించింది. జుట్టు ఈసారి నారింజ రంగు. చంకలో లావుపాటి పుస్తకం, "ఊపిరి లెక్క" రెండో భాగం, ఇంగ్లీషులో. హేల్వెన్ కళ్ళు దాని మీదే నిలిచిపోయాయి. మాబ్లి గమనించి పుస్తకాన్ని కోటు కిందికి తోసింది, దాగలేదు.

"ఆగలేకపోయా మిస్."

"ఫరవాలేదమ్మా," అంది హేల్వెన్. ఫరవాలేదు అని ఆమెకి అనిపించలేదు. ఇంగ్లీషు పుస్తకాలు చదివే పిల్లని వెల్ష్‌లోకి తేవాలనుకుంటే, వెల్ష్ పుస్తకమే మెడ పట్టి మళ్ళీ ఇంగ్లీషులోకి పంపింది. పుస్తకంలో ఆ పిల్ల మెచ్చుకున్న బలం ఏదైతే ఉందో, చేతిలోంచి దింపనివ్వని ఆ బిగువు, అదే పని చేసింది. ఎవరి మీద కోప్పడాలి?

"ఎలా ఉంది?" అని అడిగింది, ఉండబట్టలేక.

"చెత్తగా ఉంది మిస్. తమ్ముడు వస్తాడు, ఒక్క పేజీలో చచ్చిపోతాడు, ఆషర్ ఏడవడానికి. అంతే." మాబ్లి కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి, కోపం నీళ్ళు. "మా చెల్లికి రాత్రిళ్ళు వెల్ష్‌లో కథ చెబుతున్నా, అది ఇంగ్లీషు ఇంకా సరిగ్గా చదవలేదు. దానికి నేను అలా చెప్పలేదు. మార్చేశా."

"మార్చావా? ఎలా?"

"పిప్ పొరుగామె ఇంట్లోంచి పారిపోయి నేల అడుగు అంతస్తుల్లో దాక్కుంటాడు. అక్కడ పనిచేసేవాళ్ళందరూ తలా ఒక ఊపిరి మిగిల్చి వాడికిస్తారు."

"పట్టీలు చూపించవూ, లెక్క తగ్గినట్టు? కార్యాలయం వాళ్ళకి తెలిసిపోదూ?"

"మిస్..."

"లేదు, వినవే. వాళ్ళసలే ఊపిరి మించి కిందికి దిగినవాళ్ళు. మిగలడానికి వాళ్ళ దగ్గర ఏముంది?"

"అయితే మీరే చెప్పండి, ఏం చేద్దాం?" అంది మాబ్లి చేతులు కట్టుకుని. "చెల్లి ఇవాళ మిగతాది అడుగుతుంది."

వరస ముందుకి జరిగింది. వెనకున్న మనిషి, కదలండమ్మా అన్నాడు. ఇద్దరూ కదల్లేదు. హేల్వెన్ వానలో తల మీది టోపీ సవరించుకుని, విసుగ్గా, పిప్‌ని ఆ అంతస్తుల్లోకి దించేది ఎవరో ముందు తేల్చాలి అంది.